ఉప్పుటేరు మీద రోడ్డు పడ్డాక మడ ఎందుకు ఎండిపోతోంది?

మీరు రాసినది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. కాట్రేనికోన వైపు మీ ఊరి పక్కనున్న ఉప్పుటేరుకి, అంటే సముద్రపు పోటు నీరు ఎక్కి దిగే క్రీకుకి, అడ్డంగా నాలుగేళ్ల కిందట మట్టి పోసి రోడ్డు వేశారు. నీళ్లు పోవడానికి అడుగున మూడు సిమెంటు తూరలు (గొట్టాలు) పెట్టారు. రోడ్డుకి అవతల, సముద్రం వైపు మడ (ఉప్పునీటి బురదలో పెరిగే చెట్ల అడవి) పచ్చగానే ఉంది. ఇవతల, ఊరి వైపు చెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వస్తున్నాయి. ఎవరూ గొడ్డలి పెట్టలేదు. పీతలు తగ్గాయి, కొంగలు మాత్రం పెరిగాయి. రొయ్యల చెరువుల మందులే కారణమని ఊళ్లో అంటున్నారు. మొక్కలు నాటితే మడ తిరిగి వస్తుందా అన్నది మీ ప్రశ్న.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఇప్పుడు నాటకండి, డబ్బూ శ్రమా బురదపాలవుతాయి. ముందు ఆ తూరల సంగతి తేల్చాలి. నేను తాళ్లరేవు వైపు మనిషిని. కోరంగి మడ అడవుల అంచున ఇరవై ఏళ్లకు పైగా కాలవలు తవ్వించడం, మొక్కలు పెంచడం నా పని. మీరు రాసినదాంట్లో నా కన్ను పడింది ఒక్క మాట మీద: అవతల పచ్చగా ఉంది, ఇవతల ఎండుతోంది. చెరువుల నీళ్లు చివరికి ఆ తూరల్లోంచే అవతలికి కూడా పోతాయి కదా. మందులే అసలు కారణమైతే అవతల చెట్లకి కూడా కొంతైనా దెబ్బ కనపడాలి. రోడ్డు దగ్గర గీత గీసినట్టు తేడా ఉందంటే అక్కడ నీటి రాకపోకలే తెగిపోయాయని నా నమ్మకం. చెరువుల పాత్ర అసలు లేదనను, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఉప్పుటేరుని మామూలు ఏరులా చూడటంతోనే పొరపాటు మొదలవుతుంది. ఏట్లో నీళ్లు ఒక దిక్కుకే పోతాయి. అందుకే కల్వర్టు లెక్క కట్టేటప్పుడు పైనుంచి వాన నీరు ఎంత వస్తుందో చూసుకుని, అది కిందికి పోతే చాలనుకుని తూరలు పెట్టేస్తారు. ఉప్పుటేరుకి మాత్రం పెద్ద నీరు కింది నుంచి, అంటే సముద్రం వైపు నుంచి వస్తుంది. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు, అందుకే ప్రతిరోజూ పోటు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మన తీరంలో అమావాస్యకీ పున్నమికీ నీటిమట్టం దాదాపు మీటరున్నర లేచి పడుతుంది, అష్టమి రోజుల్లో నీరు పెద్దగా కదలదు. ఆరు గంటల్లో ఎంత నీరు లోపలికి రావాలో, తర్వాత ఆరు గంటల్లో అంతా బయటికి పోవాలి. పాతిక ముప్పై మీటర్ల వెడల్పున్న క్రీకులో ఆ నీటినంతా మూడు తూరల్లోంచి పొమ్మంటే పోదు. సగం నీరు ఎక్కేలోపే బయట ఆటు మొదలవుతుంది. లోపలున్నది పూర్తిగా దిగేలోపే మళ్లీ పోటు వచ్చి పడుతుంది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది గమనించరు. తూర అడుగు ఏ ఎత్తులో ఉంది? ఏటి అడుగుకన్నా రెండడుగులు ఎత్తులో పెడితే అది తూర పని చేయదు, చిన్న ఆనకట్ట పని చేస్తుంది. ఆ రెండడుగుల నీరు ఎప్పటికీ దిగదు. నేను చూసిన కల్వర్టుల్లో ఎక్కువ వాటికి ఇదే జబ్బు. పొడిగా ఉన్నచోట పని తేలిక అవుతుందని ఆటు సమయంలో నీటి పైమట్టం చూసి దాని మీదే తూర పరుస్తారు.

నీరు సరిగ్గా తిరగకపోతే మడ రెండు రకాలుగా చస్తుంది. మీది ఏ రకమో మీరే చూసి చెప్పగలరు. ఆటు బాగా తీసిన వేళ, ఎండిన చెట్టు మొదట్లోకి వెళ్లండి. తెల్ల మడ, నల్ల మడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకుని ఉంటాయే, అవి శ్వాస వేర్లు. బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది. ఆటు వేళ అవి బయటపడి ఆరాలి. వాటి మీద జిగట నాచు పట్టి, వేలితో రుద్దితే తొక్క ఊడి వస్తూ, లోపల గోధుమ రంగుకి తిరిగి ఉంటే అవి నీళ్లలో మునిగి చచ్చాయన్నమాట. కాలు పెట్టినచోట బురద నల్లగా లేచి కోడిగుడ్డు మురిగిన వాసన కొడుతుంది. ఇది నిలవ నీటి చావు.

రెండో రకం దీనికి పూర్తిగా తిరగబడ్డది. ఎత్తు మీదున్న నేలకి పోటు నీరు ఎక్కడం మానేస్తే ఏడాదికి నాలుగైదు పెద్ద పోట్లు మాత్రమే తడుపుతాయి. ఆ నీరు ఎండకి ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నేల పగుళ్లిచ్చి తెల్లగా పేలాలు చల్లినట్టు ఉప్పు పూస్తుంది. మడ ఉప్పు నీటి చెట్టే గానీ ఉప్పుబస్తాలో బతికే చెట్టు కాదు. అక్కడ ముందు చెట్లు గిడసబారతాయి, ఆకు చిన్నదవుతుంది, తర్వాత కొమ్మల కొసలు ఎండుతాయి. చివరికి నేల మీద ఎర్రబారిన ఇలవకూర (ఉప్పు నేలలో పెరిగే చిన్న మొక్క) తప్ప ఏమీ ఉండదు. మన పర్ర (ఉప్పు తేలిన బీడు) భూముల్లో చాలావరకు ఇలా తయారైనవే. కొసల నుంచి ఎండుతోందని మీరు రాశారు కాబట్టి పై అంచున ఈ రకం, రోడ్డు పక్కన పల్లంలో మొదటి రకం, రెండూ కలిసి ఉండొచ్చని నా అనుమానం.

ఇక జీవాల సంగతి. కొంగలు పెరిగాయి కాబట్టి ఏరు బాగానే ఉందని మీ ఊళ్లో ఎవరో అన్నారన్నారు. దయచేసి ఆ లెక్కని నమ్మకండి. నీరు నిలిస్తే నిలవ నీటి పిట్టలు వస్తాయి: తెల్లకొంగలు, గుడ్డికొంగలు, నీటికాకులు. ఎవరు రావడం మానేశారో చూడాలి. ఉల్లంకి పిట్టలకి, చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే సన్నకాళ్ల పిట్టలకి ఆటు వేళ బయటపడే మెత్తటి బురదే కంచం. గ్రేట్ నాట్ అనే పిట్ట సైబీరియా ఈశాన్య మూల నుంచి ఎగిరి వచ్చి కాకినాడ అఖాతం బురదల్లో మేస్తుంది, ప్రపంచంలోనే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పిట్ట అది. బురద బయటపడకపోతే అంతదూరం వచ్చిన ప్రాణికి తిండి లేనట్టే. అది గొడవ చేయదు, ఇంకో చోటికి పోతుంది, ఇంకో చోటు లేనప్పుడు చస్తుంది.

పీతల మాటకి వద్దాం. ఒక డెక్క పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉండి, గట్టు మీద నిలబడి పెద్ద డెక్కని ఊపుతూ ఉండే ఎర్రటి చిన్న పీతలు మీకు తెలుసు. ఎవరూ తినరు, ఎవరూ అమ్మరు కాబట్టి అవి పోయినా ఎవరికీ పట్టదు. ఆ పీతలు తీసే బొరియల్లోంచే బురదలోకి గాలి, కొత్త నీరు దిగుతాయి. అవి పోతే బురద గడ్డకట్టి నల్లబడుతుంది, చెట్టు వేరు ఇంకా ఇబ్బంది పడుతుంది. అంటే పీత పోవడం చెట్టు చావుకి ఫలితమే కాదు, కారణం కూడా. నేను కొత్త చోటికి వెళ్తే ముందు చెట్టుని చూడను. ఆటు తీసిన గట్టు మీద రెండు చేతుల వెడల్పు చోటు గీసి అందులో బొరియలు లెక్కపెడతాను. రోడ్డుకి అవతలా ఇవతలా మీరూ లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలు నా వ్యాసం కన్నా బాగా మాట్లాడతాయి.

తినే జీవాల్లో దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది. పైగా మొదట్లో తిరగబడి కనిపిస్తుంది. తూరల్లోంచి నీరు దూకే జోరుకి రెండు పక్కలా గుంట పడుతుంది. ఆ గుంటలో కొయ్యింగలు, పండుగప్పలు పోగవుతాయి. మొదటి రెండేళ్లు అక్కడ వల వేసినవాడికి పంట. రోడ్డు పడ్డాక చేప పెరిగిందని అప్పుడే అంటారు. అది పెరగడం కాదు, దారి మూసేసిన చోట గుమిగూడటం. మండ పీత ఆడది గుడ్లు వదలడానికి సముద్రానికి పోవాలి, పిల్లలు మళ్లీ క్రీకులోకి రావాలి. టైగర్ రొయ్య సముద్రంలో పుట్టి, పిల్లగా ఉన్నప్పుడు మడ నీళ్లలో పెరిగి తిరిగి పోతుంది. పండుగప్ప కూడా గుడ్లు పెట్టడానికి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాకా దిగుతుంది, అది ముందు మగదిగా పెరిగి కొన్నేళ్లకి ఆడదవుతుంది కాబట్టి పెద్ద చేపల దారి మూస్తే మీరు పోగొట్టుకునేవి గుడ్లు పెట్టే తల్లులు. గోరంత పిల్ల ఆ తూర జోరుకి ఎదురీదలేదు. దసరా తర్వాత యానాం బజారులో చీరమేను (సన్నటి చేప పిల్లలు) కోసం జనం ఎగబడతారు చూడండి, ఆ సన్నటి మేను వచ్చేది ఇలాంటి నీళ్ల కూడలి లోంచే. క్రీకు మూసుకుపోతే దాని లెక్క క్రీకులో వేటాడేవాడితో ఆగదు, సముద్రం మీదికి వెళ్లే బోటు దాకా పోతుంది.

బావురుపిల్లి గురించి ఒక్క మాట. కోరంగిలో అది ఉందని తెలిసి ఈ మధ్య పిల్లలు బాగా ఆసక్తి చూపిస్తున్నారు, సంతోషం. వేళ్ల మధ్య కొంచెం చర్మం ఉండి, నీళ్లలో దూకి చేపని పట్టే పిల్లి అది. మడ సన్నబడితే చెరువు గట్ల మీదికి వస్తుంది, రాత్రిపూట రోడ్డు దాటుతుంది. మీ కొత్త రోడ్డు సరిగ్గా దాని దారికి అడ్డంగా పడింది. తెల్లవారుజామున బండి గుద్ది చచ్చిన పిల్లి కనిపిస్తే ఊరపిల్లి అనుకుని తోసేయకండి. ఒంటి మీద చుక్కల వరసలు, పొట్టి తోక ఉంటే ఫొటో తీసి అటవీ శాఖ వాళ్లకి పంపండి. నీటికుక్కలు కూడా అంతే, అవి వలలు కొరుకుతాయని మనవాళ్లకి కోపం. చేప ఉన్న ఏటికే నీటికుక్క వస్తుందని నేను అనేక చోట్ల చెప్పి చూశాను, కొందరు విన్నారు.

ఇప్పుడు చెరువులు. మన డెల్టాలో 1990ల మొదట్లో టైగర్ రొయ్య జోరు, తర్వాత తెల్లమచ్చ తెగులు, 2009 తర్వాత వనామీ అనే ఇంకో రకం రొయ్య. రొయ్యల రైతుని నేను శత్రువుగా చూడను, మా బంధువుల్లో సగంమంది అదే బతుకు. అయినా రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, రొయ్యల పట్టుబడి రోజున అడుగు నీటితో సహా నల్లటి బురదని ఒకేసారి ఏట్లోకి వదిలేస్తారు. పోటూ ఆటూ సక్రమంగా ఉన్న క్రీకైతే రెండు మూడు రోజుల్లో అది కడుక్కుపోతుంది. మూడు తూరల వెనక చిక్కుకున్న నీటిలో అది అక్కడే ఊరుతుంది, తెల్లవారేసరికి నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఊళ్లోవాళ్లు చూసిన మందుల చావు బహుశా ఇదే. రెండోది చెరువు గట్టు. పెద్ద పోటుకి నీరు పరుచుకునే మైదానాన్ని గట్టు కట్టి మూసేస్తే క్రీకులోకి వచ్చే నీటి మొత్తమే తగ్గుతుంది. క్రీకుని లోతుగా ఉంచేది ఆ నీటి జోరే, ఆటు వేళ అది పూడికని తోసుకుపోతుంది. నీరు తగ్గితే ఒండ్రు కూర్చుంటుంది, నావ తగులుకుంటుంది, పూడిక తీయండని అర్జీ పెడతారు, తీసిన మట్టిని తెచ్చి మడ మీదే పోస్తారు. ఈ గొలుసు నేను మూడు చోట్ల మొదటినుంచి చివరిదాకా చూశాను.

మీ ఏటికి పైన కూడా ఒక కథ ఉంది, అది మీ చేతుల్లో లేదు గానీ తెలిసుండాలి. 1852లో కాటన్ ఆనకట్ట ధవళేశ్వరంలో పూర్తయ్యాక ఈ డెల్టా అన్నపూర్ణ అయింది, ఆ ఋణం ఎవరూ కాదనలేరు. ఎండాకాలంలో కిందికి వచ్చే తీపి నీరు మాత్రం అప్పటి నుంచీ తగ్గుతూనే వచ్చింది. ఎగువన కట్టిన జలాశయాల వల్ల ఒండ్రు కూడా ఆగిపోతోంది. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడింది. ఒండ్రే మడకి నేల. కింద సముద్రం కోస్తూ, పైనుంచి మట్టి రాకుండా ఉన్న డెల్టాలో మిగిలున్న క్రీకుల్ని మనమే మూసుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. చొల్లంగి అమావాస్యకి గోదావరి పాయ తుల్యభాగ సంగమంలో స్నానం చేసి, ఏడు పాయల సంగమాలు తిరిగే సప్తసాగర యాత్ర మొదలుపెట్టే మనుషులం మనం. అదే తుల్యభాగ ఇప్పుడు మురుగు డ్రైనుగా ఎలా ఉందో వెళ్లినవాళ్లందరికీ తెలుసు.

తుఫాను గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1839 ఉప్పెనకి కోరంగి రేవు పట్నమే లేచిపోయింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఇళ్లకీ సముద్రానికీ మధ్య మడ ఉండటం అంటే ఏమిటో వాళ్లని అడగండి.

చేయాల్సిన పని. వచ్చే అమావాస్య నాడు రెండు వెదురు కర్రలకి జానెడు జానెడుకి రంగు గీతలు గీసి, రోడ్డుకి అటొకటి ఇటొకటి దిగ్గొట్టండి. రెండింటి సున్నా గీతా ఒకే మట్టంలో ఉండాలి, దానికి తాపీమేస్త్రీ వాడే నీళ్ల గొట్టం చాలు. ఒక పోటూ ఒక ఆటూ పూర్తయ్యేదాకా, అంటే పన్నెండున్నర గంటలు, అరగంటకోసారి రెండు అంకెలూ టైంతో సహా రాయండి. అష్టమికి మళ్లీ చేయండి. బయట మీటరున్నర కదిలినప్పుడు లోపల అరమీటరే కదిలితే ఇక వాదన అక్కర్లేదు. తూర అడుగు ఏ మట్టంలో ఉందో కూడా అదే కర్రతో కొలవండి. వేళ్ల ఫొటోలు, బొరియల లెక్క, ఉప్పు పూసిన నేల ఫొటో కలపండి.

అడగాల్సింది రోడ్డు తీసేయమని కాదు. ఊరికి రోడ్డు కావాలి, ఆసుపత్రికి వెళ్లాలి, పిల్లలు బడికి వెళ్లాలి. తూరల బదులు ఏటి వెడల్పుకి తగ్గ వంతెన, లేదా అడుగు ఏటి మట్టంలో ఉండే వెడల్పాటి బాక్సు కల్వర్టులు అడగండి. ఆ తర్వాత ఎత్తు మీద ఉప్పు తేలిన నేలకి కాలవలు. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు, చేప ముల్లు ఆకారంలో. గోదావరి, కృష్ణా మడల్లో ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, ఊరి కమిటీలు కలిసి ఈ పద్ధతితోనే ఎండిన చోట్లని పచ్చగా చేశాయి. నా మొదటి రోజుల్లో మేం కాలవలు లేకుండా నీరు నిలిచే పల్లంలో వేల మొక్కలు నాటాం, వేసవి దాటేసరికి కర్రలే మిగిలాయి. తర్వాత ఇంకో చోట కాలవలు తవ్వి, మొక్కలు సిద్ధమయ్యేలోపు వానలు వెళ్లిపోయాయి. తీరా చూస్తే కాలవ అంచున పోటు నీరే తెచ్చి వదిలిన తెల్ల మడ గింజలు వరసగా మొలిచి, ఒక్కొక్కటి రెండేసి ఆకులు వేసుకుని ఉన్నాయి. మీకు రోడ్డుకి అవతల పచ్చటి మడ ఉంది, అంటే విత్తనం ఇంటి పక్కనే ఉంది. దారి తీస్తే చాలావరకు అదే వస్తుంది. ఖాళీలు మిగిలినచోట మాత్రం నాటుకోండి.

కాగితాల పని కూడా ఆలస్యం చేయకండి. 2019 తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ప్రకారం మడ అడవి గట్టి రక్షణ ఉన్న సీఆర్‌జెడ్ ఒకటి-ఏ కిందికి వస్తుంది, వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడకి చుట్టూ 50 మీటర్ల రక్షణ అంచు కూడా ఉంది. అలాంటి చోట రోడ్డుకి అనుమతి అరుదైన సందర్భాల్లోనే, పోయిన మడకి కనీసం మూడింతలు పెంచాలన్న షరతుతో. మీ రోడ్డుకి అనుమతి ఉందా, ఉంటే ఏ షరతులతో అని సమాచార హక్కు కింద అడగండి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది, అందులో మత్స్యకారుల ప్రతినిధులు ఉండాలి, ముందు అక్కడికి వెళ్లండి. అక్కడ తేలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్, అంటే పర్యావరణ కేసులు వినే న్యాయస్థానం. చెడిన చోటుని పునరుద్ధరించమని అడిగే దరఖాస్తుకి కారణం మొదలైన నాటి నుంచి అయిదేళ్ల గడువు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. మీ రోడ్డుకి ఇప్పటికే నాలుగేళ్లు నిండాయి కాబట్టి ఈ నెలలోనే ఒక లాయరుకి చూపించండి.

కొలతలు తీశాక ఆ అంకెలూ, వేళ్ల ఫొటోలూ ఇక్కడే పెట్టండి. లోపలా బయటా మట్టాల తేడా చూస్తే ఎంత వెడల్పు అడగాలో, కాలవలు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నేను చెప్పగలను. వీలైతే ఒక అమావాస్యకి నేనే వచ్చి మీతో పాటు గట్టు మీద కూర్చుంటాను.